ఎత్తు ఎక్కితేనే బయటపడే జబ్బు

సొంతంగా కారు కట్టుకోవాలని పట్టుబట్టిన కుర్రాడికి చిత్తూరు, తిరుపతి వైపు దొరకని సామాను లేదు. పాత మారుతి 800 ఇంజను గేర్‌బాక్సుతో సహా తుక్కు అంగట్లో దొరుకుతుంది. ఆటో చక్రాలు, ఓమ్ని స్టీరింగు, చదరపు ఇనుప పైపులు, అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. వెల్డింగు షాపాయన తెలిసినవాడైతే ఛాసిస్ కూడా సాయంత్రాలు కూర్చుని అతికించుకోవచ్చు. బండి తయారవుతుంది. ఇంజను స్టార్టవుతుంది. వీధిలో నాలుగు చుట్లు తిరిగితే ఊరంతా ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తుంది. ఆ మర్నాడు ఊరి బయట మిట్ట ఎక్కించబోతే ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం కదలదు, కాలిన వాసన ముక్కులు బద్దలు కొడుతుంది. లేదంటే గేరే పడదు. లివర్ నెట్టిన ప్రతిసారీ పళ్ళు కొరికిన చప్పుడు.

ఈ పిచ్చి మనవాళ్ళకు కొత్తేమీ కాదు. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకర్ నడుపుతున్న సుధా కార్స్ మ్యూజియం 2010 నుంచి ఉంది. క్రికెట్ బంతి, బూటు, వంకాయ, బర్గరు ఆకారాల్లో ఆయన చేయించిన కార్లు అక్కడ వరసగా ఉంటాయి. 2005లో ఆయన కట్టిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్ గిన్నిస్‌కెక్కింది. ఆ కార్లు బొమ్మలు కావు, నడిచే బండ్లు. చూడటానికి వచ్చిన జనం ఆకారాన్ని చూసి ఫోటో దిగి పోతారు. వంకాయ కడుపులో గేరు ఎలా పడుతోందని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. నన్నడిగితే అసలు ప్రశ్న అదే.

ఎందుకంటే, గేరు పడకపోతే అందరూ తిట్టేది క్లచ్‌నే. ఇంట్లో కట్టిన కారులో క్లచ్ పోయిందంటే నూటికి తొంభై పాళ్ళు పోయింది క్లచ్ కాదు. ఒక బండికని చేసిన వస్తువును ఇంకో బండిలో పెట్టినప్పుడు ఆ రెంటి నడుమ లెక్క తప్పుతుంది. ఆ తప్పిన లెక్క క్లచ్ దగ్గర బయటపడుతుంది. తొలినాళ్ళలో కార్లు కట్టినవాళ్ళందరూ ఇదే బాధ పడ్డారు. వాళ్ళ బండ్లూ ఇంటి వెనక షెడ్డుల్లో పుట్టినవేగదా!

ఆవిరి ఇంజనుకు క్లచ్ అక్కర్లేదు. ఆవిరి వదిలితే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది, నిలబడ్డ చోటునుంచే బలంగా లాగుతుంది. పెట్రోలు ఇంజను అలా కాదు. అది ముందు తనంతట తాను తిరుగుతూ ఉండాలి, కనీసం కొన్ని వందల చుట్లయినా. ఆగి ఉన్న చక్రానికి దాన్ని సూటిగా తగిలిస్తే అదే ఆగిపోతుంది. కాబట్టి తిరుగుతున్నదాన్నీ ఆగి ఉన్నదాన్నీ మెల్లగా కలిపి, కావాలన్నప్పుడు విడదీసే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి. అదే క్లచ్.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలో ఆ ఏర్పాటు తోలు బెల్టు. షాఫ్టు మీద రెండు పుల్లీలు. ఒకటి షాఫ్టుకు బిగించి ఉంటుంది, రెండోది ఊరికే తిరుగుతుంది. లివర్‌తో బెల్టును ఊరికే తిరిగే పుల్లీ మీదినుంచి బిగించిన పుల్లీ మీదికి జరిపితే బండి కదులుతుంది. మన పాత రైసు మిల్లుల్లో, పిండి మరల్లో పనిచేసినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఆయిలింజను నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు మీద ఒక్కో మరకూ ఇలాగే జంట పుల్లీలు ఉండేవి. మర ఆపాలంటే ఇంజను ఆపనక్కర్లేదు, బెల్టును పక్కకు తోస్తే చాలు. బెంజ్ కొత్తగా కనిపెట్టింది కాదది. మిల్లులో ఉన్నదాన్ని బండి మీదికెక్కించాడు, అంతే.

మిల్లు కదలదు, మిట్టలెక్కదు. బండి ఎక్కాలి. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారి పొడవునా మిట్ట వచ్చినప్పుడల్లా దిగి తోయాల్సి వచ్చింది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. తిరిగొచ్చి, మిట్టలెక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకు చెప్పింది, ఆయన పెట్టాడు. కారు చరిత్రలో మొదటి దూరపు రోడ్డు పరీక్ష ఆవిడదే, మొదటి ఫిర్యాదూ ఆవిడదే. మెకానిక్కు దగ్గరికి వచ్చి 'బండి బాగాలేదు' అని ఊరుకునేవాళ్ళకూ, ఎక్కడ ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళకూ ఎంత తేడానో బెర్తాను చూస్తే తెలుస్తుంది.

హెన్రీ ఫోర్డు కూడా బెల్టుతోనే మొదలుపెట్టాడు. 1896 జూన్ 4 తెల్లవారుజామున డెట్రాయిట్‌లో ఇంటి వెనక షెడ్డులో తన మొదటి బండి పూర్తయింది. బయటికి తీయబోతే తలుపు సరిపోలేదు. గొడ్డలితో ఇటుకలు పగలగొట్టి మరీ తీశాడు. దానికి రెండు గేర్లు, రివర్సు లేదు. లివర్ లాగితే బెల్టు బిగుసుకునేది, అదే క్లచ్. బెల్టుకు వానా దుమ్మూ రెండూ పడవు. తడిస్తే జారుతుంది, ఎండితే పగులుతుంది. పట్నం వీధులకు చాలు, ఊళ్ళు తిరగడానికి చాలదు.

తర్వాత వచ్చింది కోను క్లచ్. ఇంజను చివర తిరిగే ఫ్లైవీలును లోపల గరాటులా తొలిచి, దాంట్లో సరిగ్గా ఇమిడే కోనుకు తోలు తొడిగి, స్ప్రింగుతో నొక్కి పెడతారు. పెడల్ తొక్కితే కోను వెనక్కి వస్తుంది. పట్టు గట్టిది, చేయడం తేలిక. మొదటి ప్రపంచ యుద్ధం దాకా పెద్ద పెద్ద కార్లలో ఎక్కువగా ఇదే. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌లో కూడా తోలు తొడిగిన కోనే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగులో మెరిసే 1912 నాటి నిజాం కారు ఆ తరానిదే.

తోలుతో వచ్చే చిక్కులు డ్రైవర్లకే తెలుసు. ఎండిపోయి బిరుసెక్కితే పెడల్ వదలగానే గభాలున పట్టేది. బండి ఎగిరి దూకేది, లోపలున్నవాళ్ళ టోపీలు ఊడిపోయేవి. దానికి మందు ఆముదం! కోను మీద ఆముదమో పశువుల గిట్టల నుంచి తీసిన నూనో పట్టించి రాత్రంతా నాననిచ్చేవాళ్ళు. మెత్తబడ్డాక మెల్లగా పట్టేది. ఇంజను నూనె చింది తోలు మీద పడితే మళ్ళీ జారడం మొదలు. అప్పుడు దాని మీద ముల్తానీ మట్టి చల్లేవాళ్ళు, అది నూనె పీల్చేసేది. ఇప్పుడు ఆడవాళ్ళు మొహానికి రాసుకునే మట్టే అది. ఆ కాలపు డ్రైవరు పెట్టెలో స్పానర్లతో పాటు ఈ రెండూ ఉండేవి. జారితే మట్టి, పట్టేస్తే నూనె. ఒకటి ఎక్కువైతే రెండోది. క్లచ్ జబ్బులన్నీ నేటికీ ఈ రెండు వైపులే: పట్టకపోవడం, వదలకపోవడం.

ఎత్తు ఎక్కి పేరు తెచ్చుకున్నవాడు లూయీ రెనో. పారిస్ శివారు బిలాంకూర్‌లో తల్లిదండ్రుల ఇంటి తోటలోని షెడ్డులో, కొన్న ద దియోన్ ట్రైసైకిల్‌ను విప్పి నాలుగు చక్రాల బండిగా మార్చాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. గొలుసులూ బెల్టులూ తీసేసి, పై గేరులో ఇంజను బలం సూటిగా షాఫ్టుకు పోయేలా గేర్‌బాక్సు చేశాడు. 1898 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రాత్రి, స్నేహితుల ముందు పందెం కాసినట్టుగా మోంమార్త్ర్ గుట్టపైకి వెళ్ళే ర్యూ లెపిక్ వీధిలో ఎక్కించాడు. నూరడుగులకు పదమూడు అడుగులు లేచే ఎత్తది. ఆ రాత్రే పన్నెండు బండ్లకు ఆర్డర్లు వచ్చాయి. చదునులో ఎంత వేగం పోతుందని ఎవరూ అడగలేదు. ఎక్కిందా లేదా, అదే లెక్క.

మన దగ్గర ఆ పరీక్ష పెట్టే దారి వేరే చెప్పాలా? 1944 ఏప్రిల్ 10న తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. దాని రూపకల్పన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. పందొమ్మిది కిలోమీటర్లు, 36 మెలికలు. అంతకు ముందు కొండకు నడకే, లేకుంటే డోలీ. 1974లో రెండో రోడ్డు వచ్చాక ఎక్కడానికి అది, దిగడానికి పాతది అయ్యాయి. చిత్తూరు నుంచి పలమనేరు పోయేవాళ్ళకు మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె పోయేవాళ్ళకు భాకరాపేట ఘాట్. మెలిక దగ్గర ముందు బండి ఆగితే, హ్యాండ్ బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే డ్రైవరు ఉంటాడు చూడండి, అతని వెనక బండిలో ఉన్నవాళ్ళకు ఆ వాసన బాగా పరిచయం. ఆ వాసన క్లచ్ ప్లేటుకు అతికించిన లైనింగు పొరది. ప్లేటు జారుతూ రాసుకుంటున్నప్పుడు ఇంజను బలమంతా వేడిగా మారి ఆ సన్నని పొరలోకే పోతుంది.

ఆ లైనింగు కథ ఇంగ్లండులోని డర్బీషైర్‌లో మొదలైంది. గుర్రబ్బండ్ల బ్రేకు చెక్కలకు పాత బూట్ల తోలు మేకులతో కొట్టుకుని గుట్టలు దిగేవాళ్ళను చూసి, హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన నేసిన గుడ్డకు రసాయనం పట్టించి బ్రేకు ముక్కలు చేశాడు. 1897లో కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ ఫెరోడో పేరు ఇప్పటికీ బ్రేకు ప్యాడ్ల డబ్బాల మీద కనిపిస్తుంది. గుడ్డ వేడికి మాడిపోతోందని 1908 నుంచి ఆస్బెస్టాస్ వాడాడు. అది వేడికి లొంగలేదు, క్లచ్‌కూ అదే ఎక్కింది, దాంతో పెద్ద కోను అవసరం తీరిపోయింది. రెండు వైపులా లైనింగు ఉన్న ఒకే పల్చటి ప్లేటును ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య నొక్కిపట్టే పద్ధతి 1920ల్లో స్థిరపడింది. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పాత బండి క్లచ్ విప్పినప్పుడు గాలి గొట్టం పెట్టి ఆ దుమ్ము ఊదే అలవాటు షెడ్డుల్లో ఇంకా పోలేదు. తడిగుడ్డతో తుడవండయ్యా!

ప్రెషర్ ప్లేటును నొక్కడానికి మొదట చుట్టూ వరసగా చుట్ట స్ప్రింగులు ఉండేవి. లైనింగు అరిగేకొద్దీ అవి సాగి పట్టు తగ్గేది. 1930ల చివర్లో జనరల్ మోటార్స్ వాళ్ళు వాటి బదులు ఒకే ఒక స్టీలు పళ్ళేన్ని వాడారు. మధ్యలోకి వేళ్ళలా చీరిన పళ్ళెం. ఆ వేళ్ళను నొక్కితే అంచు వెనక్కి లేస్తుంది. లైనింగు కొంత అరిగినా దీని పట్టు తగ్గదు, మొదట కొంచెం పెరుగుతుంది కూడా. పెడల్ తేలిక. యూరప్‌లో దీన్ని 1965లో జర్మనీ కంపెనీ లుక్ మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి మన పొరుగు రాష్ట్రంలో, తెలుగు మాట ఇంటింటా వినిపించే హోసూరులో ఉంది.

ఇంకో పాయ ఉంది. ప్రొఫెసర్ హెలె-షా అనే ఇంగ్లీషాయన ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో, ఒక పెద్ద ప్లేటు బదులు ఎన్నో చిన్న ప్లేట్లను నూనెలో ముంచి పెట్టాడు. కార్లు దాన్ని వదిలేశాయి. మన మోటారుసైకిలు, ఆటో మాత్రం ఆ తోవనే నడుస్తున్నాయి. దాని సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే బైకు ఇంజనుతో బండి కట్టేవాళ్ళు మోసపోయేది అక్కడే.

మన భాష మాట్లాడే ఇళ్ళలో పుట్టి కారుదాకా పోయినవాడు కోయంబత్తూరు జి.డి. నాయుడు. 1893లో కలంగల్ గ్రామంలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టాడు. ఒక ఇంగ్లీషు రెవిన్యూ అధికారి దగ్గర రడ్జ్ మోటారుసైకిలు చూసి మనసు పారేసుకున్నాడు. హోటల్లో పనిచేసి 300 రూపాయలు కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. కొన్నది ఎక్కి తిరగడానికి కాదు. ముక్క ముక్క విప్పి, మళ్ళీ బిగించి, అలా నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సుల కంపెనీ నడిపాడు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారు చేశాడు. ధర రెండు వేల రూపాయలు అన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, ఆ కారు అక్కడితో ఆగింది. నాయుడు 1974లో పోయారు. కోయంబత్తూరులో ఆయన పేరిట ఉన్న కార్ల మ్యూజియానికి వెళితే ఇంజన్లను కోసి లోపల చూపించిన నమూనాలు ఉంటాయి. పిల్లలను తీసుకెళ్ళాల్సిన తావు.

సరే, షెడ్డులోకి వద్దాం. ఒక బండిని ఊహించుకుందాం. మారుతి 800 ఇంజను, మూడు సిలిండర్లు, 796 సీసీ, దాని గేర్‌బాక్సుతో సహా తెచ్చి వెనక సీటు తావులో పెట్టారు. ముందు చక్రాలు తిప్పాల్సింది వెనక చక్రాలు తిప్పుతోంది. పెడళ్ళు ముందున్నాయి, ఇంజను వెనకుంది. కంపెనీ ఇచ్చిన క్లచ్ కేబులు చాలదు కాబట్టి పొడవుగా చేయించారు. అది పెడల్ దగ్గర బయల్దేరి సీటు కింద మెలిక తిరిగి, ఛాసిస్ పైపు చుట్టూ వంగి, గేర్‌బాక్సు చేరుతుంది. గేరు పడటం లేదు. షెడ్డుకు వచ్చిన కుర్రాడితో మెకానిక్కు మాట ఇలా నడుస్తుంది.

"ఏమైందిరా అబ్బోడా?"

"గేరు పడలేదన్నా. రివర్సు ఏస్తే గర్రుమంటాది. కేబులు టైట్ చేసినా. అప్పుడు పడింది. నిన్న గుట్ట కాడికి పోతే ఎక్కలా. కాలిన వాసన."

"ఎంత టైట్ చేసినావు?"

"నట్టు పోయినంత దూరం."

"పెడల్ మీద ఆట ఉండాదా?"

"లేదన్నా. కాలు పెడితే చాలు, పట్టుకుంటాది."

"అదీ సంగతి. ఒక రోగానికి మందేసి ఇంకోటి తెచ్చుకున్నావు. ప్లేటు మాడిపోయుంటాది."

తోలు కోను కాలపు ఆముదం, మట్టి కథే ఇది. వదలడం లేదని బిగించాడు, ఇప్పుడు పట్టడం లేదు. పెడల్ పైకి వచ్చాక కూడా కేబులు బిగుతుగానే ఉంటే రిలీజ్ బేరింగు పళ్ళెం వేళ్ళను ఎప్పుడూ కొద్దిగా నొక్కుతూనే ఉంటుంది. పట్టు తగ్గుతుంది. చదునులో తెలియదు. గుట్ట ఎక్కేటప్పుడు జారుతుంది, మాడుతుంది. అందుకే పెడల్ మీద కొంచెం ఆట ఉండి తీరాలి.

మరి మొదట గేరు ఎందుకు పడలేదు? ఇక్కడే లెక్క. పెడల్ నేలదాకా తొక్కితే పాదం 150 మిల్లీమీటర్లు కదులుతుందనుకోండి. పెడల్ లివర్ ఐదింతలదైతే కేబులు 30 మిల్లీమీటర్లు లాగుతుంది. గేర్‌బాక్సు మీది ఫోర్కు దాన్ని మూడో వంతు చేస్తుంది, అంటే బేరింగు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆటకు రెండు పోతే ఎనిమిది. పళ్ళెం వేళ్ళు దాన్ని ఇంకో ఐదారింతలు తగ్గిస్తాయి. చివరికి ప్రెషర్ ప్లేటు లేచేది ఒకటిన్నర మిల్లీమీటరు, అంతకన్నా తక్కువే. జానెడు తొక్కితే గోరు మందం! క్లచ్ ప్లేటు రెండు లైనింగుల మధ్య మెత్తదనం కోసం అలల్లాంటి స్ప్రింగు రేకులు ఉంటాయి. ప్లేటు లేవగానే అవి విచ్చుకుంటాయి, ఆ గోరు మందంలో సగానికి పైగా అవే తినేస్తాయి. మిగిలిన కొసరు ఖాళీలో ప్లేటు విడిగా తిరగాలి.

పొడవు కేబులు, మూడు మెలికలు, రేకుకు అతికించిన పెడల్ బ్రాకెట్. తొక్కినప్పుడు పై తొడుగు నొక్కుకుపోతుంది, రేకు ముందుకు వంగుతుంది. ముందు 30 లాగితే వెనక చేరేది 22. లెక్క మళ్ళీ వేయండి. ప్రెషర్ ప్లేటు లేచేది మిల్లీమీటరు కూడా లేదు. ప్లేటు వదలలేదు, గేరు గర్రుమంది. క్లచ్‌లో ఏ లోపమూ లేదు. తొడుగు బయటినుంచి చూస్తే కొత్తది, మెరుస్తూ ఉంటుంది. కుర్రాడు గేర్‌బాక్సు దించి, ప్లేటు మార్చి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ అదే గర్రు విని తల పట్టుకుంటాడు.

కనిపెట్టడం ఎంత తేలికో చూడండి. ఒకరు లోపల కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు స్కేలుతో పెడల్ దగ్గర కేబులు ఎంత కదిలిందో, తర్వాత ఫోర్కు దగ్గర ఎంత కదిలిందో కొలవాలి. రెండు కొలతలకూ తేడా ఎంతుందో అంత దారిలో పోతోంది. అదే సమయంలో పెడల్ బ్రాకెట్ మీద వేలు పెడితే రేకు ఊగడం చేతికే తెలుస్తుంది. బ్రాకెట్‌కు మూలల్లో పట్టీలు వెల్డు చేసి ఛాసిస్ పైపుకు కలిపితే సగం జబ్బు పోతుంది. కేబులు మెలికలను వెడల్పు చేసి, తొడుగు కదలకుండా చోటుచోటునా క్లిప్పులు వేస్తే మిగతా సగం.

మెలికల్లేని దారి దొరకకపోతే ఆయిల్ పద్ధతికి మారాలి, పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరు, గేర్‌బాక్సు దగ్గర స్లేవ్ సిలిండరు. దూరం ఎంతైనా దీనికి లెక్కలేదు. అయితే ఇక్కడా ఒక గుంట ఉంది. తుక్కులో దొరికిందని 5/8 అంగుళం మాస్టర్‌కు 3/4 అంగుళం స్లేవ్ తగిలిస్తే, వైశాల్యాల నిష్పత్తి ప్రకారం కదలిక పదికి ఏడు వంతులకు పడిపోతుంది. పెడల్ హాయిగా ఉంటుంది, గేరు మాత్రం పడదు. 30 లాగాల్సిన చోట 21 కూడా రాదు. రెండూ ఒకే సైజువి వేయాలి. స్లేవ్ మీది గాలి తీసే నిప్పిలు పైవైపు ఉండేలా బిగించాలి. తలకిందులుగా బిగిస్తే గాలి ఎన్నటికీ బయటికి రాదు.

పెడల్ వదిలేటప్పుడు బండి మొత్తం దడదడ ఊగితే వెంటనే ప్లేటును అనుమానించకండి. ఇంజను రబ్బరు మౌంటింగులు మెత్తగా ఉంటే, పట్టు పడగానే ఇంజను వెనక్కి ఊగి కేబులును తనే లాగుతుంది. క్లచ్ వదులుతుంది. ఇంజను ముందుకొస్తుంది. మళ్ళీ పడుతుంది. ఇంట్లో కట్టిన బండ్లకు ప్రత్యేకమైన జబ్బు ఇది. చప్పుడు సంగతికొస్తే, పెడల్ మీద కాలు ఆనించగానే గీ మని మొదలైతే రిలీజ్ బేరింగు. తొక్కితే ఆగిపోయే చప్పుడైతే గేర్‌బాక్సు లోపలి బేరింగు. క్లచ్ ప్లేటు తిప్పి బిగించినా గేరు పడదు. మధ్య స్ప్రింగులు పొడుచుకువచ్చిన వైపు గేర్‌బాక్సు వైపు ఉండాలని ప్లేటు మీదే రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు!

ఒక కంపెనీ ఇంజనుకు ఇంకో కంపెనీ గేర్‌బాక్సు అతికించేవాళ్ళ కష్టం ఇంకోటి. ప్లేటు బయటి చుట్టు ఇంజనుది, లోపలి పళ్ళు గేర్‌బాక్సువి కావాలి. రెంటి మధ్య వేసే అతుకు ప్లేటు కేంద్రం తప్పకూడదు. మిల్లీమీటరులో పదో వంతు దాటి తప్పితే షాఫ్టు ప్లేటును రోజూ పక్కకు లాగి చంపుతుంది. లేతు మిషను మీద చేయించి, డయల్ గేజితో చూసుకోవాలి. కంటి అంచనా పనికిరాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి నడుస్తున్న ఇసుజు ఫ్యాక్టరీలాంటి చోట ఈ లెక్కలన్నీ బండి కాగితం మీద ఉన్నప్పుడే తేలిపోతాయి. ఇంట్లో కట్టేవాడు ఐదు బండ్ల ముక్కలు తెచ్చుకుంటాడు. ఆ ఐదుగురు ఇంజనీర్లూ ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇక బైకు ఇంజను బగ్గీలు. ఇవి నూనెలో మునిగే హెలె-షా సంతతి. కారుకు పోసే ఖరీదైన ఇంజనాయిలు మంచిదని దీంట్లో పోస్తే, ఆ నూనెలో రాపిడి తగ్గించడానికి కలిపిన మందు ప్లేట్లకు పట్టి జారడం మొదలవుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ఉన్న నూనె మాత్రమే పోయాలి. నూనె సరైనదై కూడా మిట్ట మీద జారుతుంటే బరువు సంగతి చూడాలి. ఇద్దరు మనుషుల్ని మోయడానికి చేసిన క్లచ్‌కు నాలుగు వందల కిలోల ఇనుము తగిలించారు. చాలామంది గట్టి స్ప్రింగులు వేస్తారు, లివర్ బిరుసెక్కుతుంది, చేయి నొప్పి. దానికన్నా వెనక స్ప్రాకెట్ పెద్దది వేయడం మేలు. పై వేగం తగ్గుతుంది గాని క్లచ్ బతుకుతుంది. బెర్తా భర్తకు చెప్పింది కూడా అదే, ఇంకో గేరు పెట్టమని.

ఇంజనీరింగు కాలేజీల పిల్లలకు ఈ తలనొప్పి తెలుసు. 2007 నుంచి పీతంపూర్ కేంద్రంగా నడిచిన బాహా అనే బండ్ల పోటీల్లో పెట్రోలు జట్లన్నీ ఒకే పది హార్స్ పవర్ ఇంజను వాడాలి, మిగతా బండి వాళ్ళే కట్టుకోవాలి. కొన్ని జట్లు గూడ్సు ఆటో గేర్‌బాక్సు వాడి క్లచ్‌తో కుస్తీ పడతాయి. కొన్ని జట్లు స్కూటీల్లో ఉండే బెల్టు, జారే పుల్లీల పద్ధతికి పోతాయి. అంటే నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ బెల్టు. నాకది ఓటమి అనిపించదు. రబ్బరు మారింది, పుల్లీ తెలివి మీరింది.

కట్టిన బండిని కాంపౌండులోనో, పోటీ ట్రాకు మీదో, సొంత మామిడి తోటలోనో నడుపుకోవచ్చు. రోడ్డెక్కించాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. అది రావాలంటే ముందు పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఒప్పుకోవాలి. రిజిస్టరైన బండిని కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఎంత బాగా కట్టినా ఆ కాగితం లేకుండా తిరుమల కొండ కింది అలిపిరి గేటు దాటించాలని చూడకండి. ఘాట్‌లో మీ వెనక మెలికలో ఉండేది ఎవరి కుటుంబమో!

2022 సెప్టెంబరు నుంచి అదే అలిపిరి నుంచి కొండకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కుతున్నాయి. వాటిలో క్లచ్ పెడల్ లేదు. మోటారు నిలబడ్డ చోటునుంచే లాగుతుంది, పాత ఆవిరి ఇంజను లాగినట్టే. పాత మారుతి ఇంజనుతో కట్టేవాళ్ళకు మాత్రం నాదొక్క మాట. గేర్‌బాక్సు దించడానికి జాకీ తెచ్చుకునే ముందు ఒక స్కేలు, తోడుగా ఒక మనిషి, పదినిమిషాలు. కేబులు రెండు చివరలా కొలవండి. తేడా ఐదు మిల్లీమీటర్లు దాటితే ప్లేటు కొనకండి.